తిమింగలాల పడవల రెండే సీట్లు

నా వియ్యపురాలి మీద నాకున్న కుళ్ళు గురించి రాయాలంటే ముందుగాల ఆమె మంచిదని చెప్పాలె. చెడ్డదైతే నాకింత బాధ ఉండకపోవు. నలుగురిల కూసొని రెండు మాటలు అనుకుంటే మనసు సల్లబడిపోవు. ఆమెను అందామంటే ఒక్క వంక దొరకది. ఆమెది గుంటూరు దిక్కు. కాలేజీల జువాలజీ చెప్పి రిటైరైంది. సన్నగ, నిటారుగ ఉంటది. పొద్దుగాల లేసి నడకకు పోతది. ఎవరింట్ల తిన్నా తన పళ్ళెం తనే కడిగి బోర్లేస్తది. నా లెక్కనే ఆమెకూ భర్త లేడు. కొడుకు, కోడలు, మనుమరాలితోటి నల్లగండ్ల దిక్కు అపార్ట్‌మెంటుల ఉంటది. ఆ కోడలు నా ఒక్కగానొక్క బిడ్డ. ఆ మనుమరాలు నాకూ మనుమరాలే. లొల్లి అంత గీడనే ఉన్నది.

నేను లాల్ దర్వాజ దగ్గర ఉంట. కరెంటాఫీసుల బిల్లుల సెక్షన్ల పని చేసిన. పిల్ల నెలకు ఒకసారో రెండుసార్లో నా దగ్గరికి వస్తది. ఆమె దగ్గర రోజూ ఉంటది. బడి నుంచి రాంగనే బూట్లు ఇప్పేది ఆమె. పన్ను ఊడితే చేతుల పట్టుకొని చూసింది ఆమె. పిల్లకు జెరమొస్తే రాత్రంత పక్కల పండుకునేది ఆమె. నాకు మాత్రం పిల్ల జెరం తగ్గినంక ఫోనొస్తది.

అలాస్కా ఓడ ప్రయాణం మా అల్లుని కోరిక. మంచు కొండలు, తిమింగలాలు, ఎలుగుబంట్లు అన్ని ఒక్క తానే చూడొచ్చని ఎన్ని ఏండ్లనుంచో అంటుండె. అమ్మలిద్దరినీ తీస్కపోతనని పట్టుబట్టిండు. నాకు సముద్రమంటేనే గుబులు. గని ఆమె పోతున్నదంటే నేను పోకుండ ఎట్ల ఉంట? పదిహేను దినాలు పిల్ల ఆమె చెయ్యి ఒక్కటే పట్టుకొని తిరగాల్నా? పాస్‌పోర్టు తీపిచ్చుకున్న, వీసాకు లైన్ల నిలబడ్డ.

చలికాలంల ఒక ఆదివారం అందరినీ అన్నానికి పిలిచిన. పొద్దుగాలనే బార్కస్ జామపండ్లు తెప్పిచ్చి పెట్టిన, పిల్లకు పానం అవంటే. తిన్నంక అల్లుడు దివాను మీద ల్యాప్‌టాప్ తెరిచిండు. ఓడ ఏం చేస్తదో నాకు గప్పుడే సమజైంది. రాత్రంత నడుస్తది, పొద్దున ఒక ఊరి ఒడ్డున ఆగుతది, సాయంత్రం మల్ల బయల్దేరుతది. ఒడ్డున దిగినంక ఏం చూడాల్నో ఎవరికి వాళ్లు ముందుగాల బుక్ చేసుకోవాలె. లేటైతే జాగలు దొరకయ్.

"మూడు ఊళ్ళు అత్తయ్యా," అన్నడు అల్లుడు. "మొదటి ఊళ్ళో అందరం అడవిలో నడక. గద్దలు కనపడతాయి. మూడో ఊళ్ళో అందరం కొండ మీదికెళ్ళే రైలు. రెండో ఊరే చిక్కు."

రెండో ఊళ్ళె హెలికాప్టర్ ఎక్కించి తీస్కపోయి మంచు నది మీదనే దింపుతరట. ముళ్ళ బూట్లు వేసుకొని ఆ మంచు మీద నడవాలె. చిన్నపిల్లలను రానియ్యరు. నా బిడ్డ, అల్లుడు దానికి పోతరు, వాళ్ల ముచ్చట అది. పిల్లకు మాత్రం తిమింగలాలు చూసే పడవ. చిన్న పడవ అది, అప్పటికే నిండిపోయింది.

"రెండే సీట్లున్నాయి," అన్నడు అల్లుడు స్క్రీన్ చూసుకుంట. "పాప, ఇంకొకళ్ళు."

నా బిడ్డ నవ్వులాటకు అడిగిందో, నిజంగనే అడిగిందో ఇప్పటికీ తెల్వది. "బుజ్జీ, తిమింగలాలు చూసేటందుకు ఎవరితోని పోతవ్? అమ్మమ్మతోనా, నానమ్మతోనా?"

పిల్లకు గప్పుడు ఏడేండ్లు. కింద చాప మీద కూసొని నేను కోసిచ్చిన జామకాయ ముక్కలను ఉప్పుకారంల అద్దుకొని తింటున్నది. తల గూడ ఎత్తలే. "నానమ్మతో," అన్నది. "నానమ్మకి వేల్స్ అన్నీ తెల్సు."

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. లేసి వంటింట్లకు పోయి నల్లా ఇప్పి, కడిగిన గిన్నెలే మల్ల కడిగిన. నా జామకాయ నోట్లె పెట్టుకొని ఆమె పేరు చెప్పింది చూడు, అనుకున్న.

వెనుకనుంచి వియ్యపురాలు వచ్చింది. "వదినగారూ, పడవ మీరెక్కండి. నేను పాపతో రోజూ ఉండేదాన్నే కదా."

ఆమె ఇస్తనన్నది. చెయ్యి చాపితే నాదైపోవు. గని ఇస్తే తీసుకునేటంత తక్కువదాన్నా నేను? "అయ్యో వదినా, పిల్ల మిమ్ముల్నే అడిగింది గద," అన్న. రెండోసారి అంటదని గిన్నె పట్టుకొని గట్లనే నిలబడ్డ. ఆమె అనలే. "సరేనండి, మీ ఇష్టం," అని పళ్ళెం కడుక్కొని పోయింది.

అల్లుడు నా కోసం ఇంకోటి చూసిండు. బస్సుల తీస్కపోయి మంచు నదిని దూరం నుంచి చూపిస్తరు, కూసునేటందుకు బెంచీలుంటయ్. "పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుందత్తయ్యా," అన్నడు. వాళ్లమ్మ నాకంటె ఆరు నెలలు పెద్ద. ఆ మాట నోటిదాక వచ్చింది, మింగిన.

అగో, గప్పటిసంది మొదలైంది నా చదువు. ఫోన్ల తిమింగలాల వీడియోలు చూసుడు, సాయంత్రం పిల్లకు ఫోన్ చేసి చెప్పుడు.

"బుజ్జీ, తిమింగలం నీళ్ల కెళ్ళి నీళ్లు చిమ్ముతది తెల్సా?"

"నీళ్ళు కాదు అమ్మమ్మా, అది ఊపిరి. నానమ్మ చెప్పింది."

"అది మస్తు పెద్ద చేప..."

"చేప కాదు అమ్మమ్మా! పాలిస్తుంది. నానమ్మ చెప్పింది."

నానమ్మ చెప్పింది, నానమ్మ చెప్పింది. ఒక దినమైతే పిల్ల వెనుకనుంచి ఆమె గొంతు మెల్లగ వినబడ్డది, "అలా అనకూడదు నాన్నా, అమ్మమ్మకి ఓపిగ్గా చెప్పాలి," అని. నాకు చెప్పాల్నట! ఓపికగ! ఫోన్ పెట్టేసి, ఎసట్ల పోసిన బియ్యం సంగతి గూడ మర్సిపోయి కూసున్న.

పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌కు పోయి ఒక దుర్బీన్ కొనుక్కొచ్చిన. దూరపు తిమింగలాన్ని దగ్గర చేసి చూపిస్తే పిల్ల నా పక్కకు రాదా అని. అమ్మేటాయన "అమ్మా, మిలిటరీ కా మాల్ హై, ఆంఖ్ బంద్ కర్కే లేజావ్" అన్నడు, మిలిటరీ సరుకు, కండ్లు మూసుకొని తీస్కపోవచ్చునట. ఇంటికొచ్చి చూస్తే ఒక కన్ను దిక్కు అంత పొగ పట్టినట్లున్నది. రెండో కన్నుల నుంచి ఎదురింటి డాబా మీది నీళ్ల ట్యాంకు మంచిగనే కనబడ్డది. మరి నేను గా పడవల ఉండను గద, ఇది ఎవరికి చూపిస్త? గప్పుడు యాదికొచ్చింది నాకు.

ప్రయాణం దగ్గరబడ్డది. నా బిడ్డ వీడియో కాల్ చేసి సామాన్లు చూపిస్తున్నది. మధ్యల పిల్ల ఉరికొచ్చింది. ఒంటి మీద పసుపుపచ్చ వాన కోటు, తల మీద టోపీ. ఎనుక నుంచి వియ్యపురాలు, ఒంటి మీద గదే రంగు, గదే టోపీ. ఇద్దరూ చేతులు పట్టుకొని గిర్రున తిరిగిన్రు.

"ట్విన్స్ అమ్మమ్మా! మేం ట్విన్స్!"

"మంచిగున్నది బిడ్డా," అన్న. నా బిడ్డ ఫోన్ తీస్కొని పక్క అర్రలకు పోయింది. ఇగ నాకు ఆగలే.

"నాకు గూడ ఒకటి కొంటే మీ సొమ్మేం పోవు?"

"అమ్మా, నువ్వు బస్సుల కూసుంటవ్. వాన కోటు ఎందుకే?"

"బస్సుల కూసోమన్నది మీరు. నేను అడిగిన్నా?"

నా బిడ్డ తలుపు దగ్గరికేసింది. తర్వాత అన్నది, "అత్తయ్య నీకు సీటు ఇస్తనంటే వద్దన్నవట గద. ఆమె నాకు చెప్పింది. నువ్వు వద్దని, మల్ల మా మీద అలుగుతవ్. నేను ఎవరి దిక్కు నిలబడాల్నే?"

ఆమె అది గూడ చెప్పిందన్నమాట. నా దిక్కు నిలబడు అందామనుకున్న. సొంత బిడ్డతోని ఆ మాట అనుడు ఎట్ల? "సరే తియ్," అని పెట్టేసిన.

ఓడల మా ఇద్దరికీ ఒక్కటే అర్ర. రెండు మంచాలు, ఒకటి తలుపు దిక్కు, ఒకటి సముద్రం కనబడే అద్దాల దిక్కు. "మీరే తీసుకోండి వదినగారూ, ఏది కావాలో," అన్నది ఆమె. మర్యాదకు తలుపు దిక్కు మంచం మీద సంచి పెట్టిన. తెల్లారి పిల్ల ఉరుక్కుంట వచ్చి, నా మంచం దాటి, అద్దాల దిక్కు మంచం మీదికి దునికింది. సముద్రం ఆ దిక్కుంటే పిల్ల మాత్రం ఏం చేస్తది? గని ప్రతి పొద్దున నా కాళ్ల మీదికెళ్ళి దాటుకుంట పోతుంటే నా మర్యాద మీద నాకే మంట లేసింది.

మొదటి ఊళ్ళె అడవిల నడిచినం. చెట్లు మేఘాలకు తాకుతున్నయ్. కొమ్మ మీద తెల్ల తల గద్ద కూసున్నది. వియ్యపురాలు పిల్ల పక్కన వంగి దాని గూడు ఎంత పెద్దగుంటదో, అది చేపను ఎట్ల పడ్తదో సగం ఇంగ్లీషుల చెప్తున్నది. పిల్ల నోరు తెరిచి వింటున్నది. పక్కన నడుస్తున్న వేరే దేశం వాళ్లు గూడ ఆగి ఆమె ఇంగ్లీషు విన్నరు. నేను అందరి నీళ్ల సీసాలున్న సంచి పట్టుకొని నిలబడ్డ.

ఇగ రెండో ఊరు. పొద్దున లేసి చూస్తే అద్దాల అవుతల ఏం లేదు. అంత తెల్లటి మొగులు. ఒడ్డున దిగినంక హెలికాప్టర్ల వాళ్లు చెప్పిన్రు, మంచు నది మీద మొగులు దిగింది, ఈ దినం ఎగరవు అని. నా బిడ్డ మొహం మాడిపోయింది. పడవలు మాత్రం పోతయట.

పసుపు కోట్ల జత తయారుగ నిలబడ్డది. పిల్ల నానమ్మ చెయ్యి పట్టుకొని ఎగురుతున్నది. గప్పుడు పిల్లకు సమజైంది, అమ్మ ఖాళీగున్నది అని. చెయ్యి ఇడిచిపెట్టింది.

"అమ్మా, అయితే నువ్వు రా! నువ్వు రా నాతో!"

"రెండే సీట్లు బుజ్జీ. నానమ్మ వస్తుంది కదా," అన్నడు అల్లుడు.

"నాకు అమ్మే కావాలి."

పిల్లల నోటికి కరుణ ఉండది. నేను వియ్యపురాలి మొహం దిక్కు చూసిన. అబద్ధమెందుకు, చూద్దామనే చూసిన. ఆమె నవ్వింది. "అవును మరి, అమ్మ ఉండగా నేనెందుకు?" అన్నది. కోటు గుండీలు ఇప్పి కోడలికి ఇచ్చింది. "వేసుకోమ్మా, పడవలో తడుస్తావు." నా బిడ్డ వద్దు వద్దనుకుంటనే తొడుక్కున్నది. బిడ్డకు, పిల్లకు కోట్లు కలిసినయ్. ట్విన్స్. పడవ మెట్లు ఎక్కుకుంట ఇద్దరిల ఒక్కరు గూడ ఎనుకకు తిరిగి చూడలే.

నాకు ఎంత సంతోషం కావాల్నో అంత సంతోషమైంది మొదలు. సల్లటి నీళ్లు తాగినట్లు. ఆ సంతోషం పడవ మలుపు తిరిగేదాక గూడ ఆగలే. ఆ పడవల ఉన్నది నేను కాదు గద ఇప్పుడు గూడ.

అల్లుడు మా ఇద్దరినీ బస్సు ఎక్కించి, తను గూడ ఎక్కిండు. ఊరికి కొంచెం దూరంల దిగితే ఎదురుంగ చెరువు, చెరువు అవుతల కొండల మధ్య మంచు నది. మొగులు కొంచెం పైకి లేసింది. నది అంటరు గని అది పారదు, నిలబడ్డట్లే ఉంటది. లోపల నీలి రంగు. చాకలి నీలి కలిపినట్లు. దూరంగ ఒక జలపాతం ఉంటే అక్కడిదాక నడిచొస్తనని అల్లుడు పోయిండు. మేం బెంచీ మీద కూసున్నం.

"ఆ నీలం ఎందుకొస్తుందంటే వదినగారూ..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. పక్కన పిల్ల లేదు. చేతులు శాలువల ముడుచుకున్నది.

"చెప్పున్రి వదినా," అన్న.

"ఏముందిలెండి," అన్నది. తర్వాత చెరువు దిక్కు చూసుకుంట అన్నది, "మీకు తెలీదు. పాప మీ ఇంటికొచ్చి వెళ్తుందా, రెండు రోజులు నా మొహం చూడదు. నేను అన్నం పెడితే 'అమ్మమ్మ గిట్ల పెట్టది' అంటుంది. 'ఏంది నానమ్మా, గట్ల జేస్తవ్' అంటుంది. కావాలనే అంటుంది. నాకు కోపం వస్తుందని తెలుసు దానికి."

"మా మాట మాట్లాడితే కోపమెందుకు?"

"మాట మీద కాదండి కోపం." శాలువ కొసను సదురుకున్నది. "రోజూ స్నానం చేయించేది, హోంవర్క్ చేయించేది, తిట్టేది నేను. మీరు నెలకోసారి జామకాయ కోసిస్తారు. పాప దగ్గుతూ ఇంటికొస్తుంది. రాత్రంతా వీపు రాసేది నేను. దానికి గుర్తుండేది జామకాయ."

నాకు కోపం వచ్చింది. పిల్లకు నా వల్లనే దగ్గు అన్నట్లున్నది మాట. జవాబు గూడ తయారుగున్నది నోట్లె. గని అదే ఊపుల ఇంకోటి గూడ తాకింది: ఇంత చదువుకున్న మనిషి నా జామకాయను చూసి కుళ్ళుకుంటున్నది! ఇన్ని ఏండ్లల ఆమె నాకిచ్చిన మంచి మాట అదొక్కటే అనిపిచ్చింది. "రోజూ ఉండేదాని మీద పిల్లకు అలుసుంటది వదినా," అన్న. "నా మీద అలుసు లేదు. నాకు గా అలుసే కావాలె."

ఆమె నా దిక్కు తిరిగి చూసింది. ఏమో అనబోయింది. గప్పుడే అక్కడి అడవి శాఖ పిల్ల ఒకామె, యూనిఫాం వేసుకున్నది, పెదాల మీద వేలు పెట్టుకొని మా దిక్కు వచ్చింది. కదలొద్దని చేయి చూపింది. బెంచీల ఎనుక చెట్ల కింద గడ్డి కదిలింది. నల్లటి ఎలుగుబంటి. మా లాల్ దర్వాజ గల్లీల ఆవు పోయినంత దూరంల, మమ్ముల లెక్కచెయ్యకుండ గడ్డి మేసుకుంట పోతున్నది. చెట్టు మీద ఇంకేందో కిచకిచమన్నది. పైకి చూస్తే దాని పిల్లలు రెండు, కొమ్మను కరుచుకొని ఉన్నయ్. ఒకటి దిగుదామని చూస్తున్నది. కాలు కిందికి పెట్టుడు, భయమై మల్ల పైకి తీసుడు. రెండోది దాని తల మీద కాలు పెట్టి మరీ ముందుగాల దిగింది. పైదానికి రోషమొచ్చింది, అరుసుకుంట జర్రున జారి తల్లి మీదనే పడ్డది. తల్లి దాన్ని ముక్కుతోని ఒక్క తోపు తోసింది.

నా చెయ్యి నొస్తున్నది. చూస్తే వియ్యపురాలు పట్టుకొని పిసుకుతున్నది. అవి చెట్లల్లకు పోయినంక గూడ ఇడవలే.

"ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానండి," అన్నది. "ఎప్పుడూ చూళ్ళేదు. జూలో తప్ప."

ఇద్దరం ఒక్కపారే నవ్వినం. ఎందుకో తెల్వదు. ఇద్దరిల ఒక్కరికి గూడ ఫోన్ తీసే సోయి లేకపాయె. అల్లుడు జలపాతం నుంచి వచ్చేవరకు అంత అయిపోయింది. చెప్తే నమ్మలే. ఆ యూనిఫాం పిల్లను అడిగి ఖాయం చేసుకున్నడు.

సాయంత్రం ఓడల మా అర్రకు తల్లీబిడ్డలిద్దరు వచ్చిన్రు. ముక్కులు ఎర్రగైనయ్, జుట్లు తడిసినయ్. పిల్ల ఒక్క ఊపుల చెప్పుకొచ్చింది. తిమింగలం వీపు కనబడ్డది, తోక పైకి లేపింది, అమ్మ నన్ను ఎత్తుకున్నది, అమ్మ చూపించింది, అమ్మ. మేం ఇద్దరం రెండు మంచాల మీద కూసొని విన్నం. ఆమె మొహం చూడకుండనే నాకు ఎట్లున్నదో తెల్సు.

"మీరేం చూసిన్రు?" అన్నది పిల్ల చివరికి, మర్యాదకు.

"ఎలుగుబంటి," అన్న. "రెండు పిల్లలతోని. గీడ నుంచి ఆ తలుపంత దూరంల."

పిల్ల నోరు తెరిచింది. నానమ్మ దిక్కు చూసింది. నానమ్మ తల ఊపింది, "నిజం నాన్నా."

"నన్ను ఇడిచిపెట్టి మీరిద్దరే చూసిన్రా?"

బోరున ఏడ్చింది. తిమింగలం వద్దు, రేపు గూడ ఓడను గీడనే ఆపమను, నాకు ఎలుగుబంటి కావాలె అని కాళ్లు కొట్టుకున్నది. నా బిడ్డ ఎత్తుకోబోతే చెయ్యి ఇదిలించుకున్నది. పిల్ల ఏడుపు చూసి నాకు సంతోషమైంది. నానమ్మ మొహంల గూడ చిన్న నవ్వు మెదిలింది, దాచుకున్నది.

ఏడ్చి ఏడ్చి మెల్లగ నా మంచం మీదికి వచ్చింది పిల్ల. "చెప్పు అమ్మమ్మా. మొత్తం చెప్పు."

వియ్యపురాలు లేసి వచ్చి పిల్లకు అవుతల పక్క కూసున్నది. నేను గడ్డి కదిలిన కాడి నుంచి మొదలుపెట్టిన. ఎలుగుబంటి ఏం తిన్నదో నాకు తెల్వని కాడ ఆమె అందుకున్నది, పిల్లలు చెట్టు కెళ్ళి జారిన కాడ నేను అందుకున్న. పిల్ల మా ఇద్దరి మొహాలను మార్చి మార్చి చూస్తున్నది. ఒకసారి అయిపోతే మల్ల మొదలుకెళ్ళి చెప్పుమన్నది.

నా బిడ్డ తడి కోటు ఇప్పకుండనే తలుపు కాడ నిలబడ్డది. తిమింగలం గురించి ఇంక ఎవరూ అడగలే ఆమెను. పిల్ల ఆమె దిక్కు ఒక్కసారి గూడ చూడలే. ఆ మొహం నాకు బాగ తెల్సిన మొహం. కొంచెం జరిగి మంచం మీద ఆమెకు జాగ ఇచ్చిన. కథ మాత్రం ఆపలే.